హార్డ్‌డిస్కులో డొంక

మా కొట్టుకు మిరప విత్తనాల కోసం వచ్చిన ప్రతి రైతుకూ మా ఆయన ఒక కథ చెబుతారు. "ఊరికే వస్తోంది కదా అని కంప్యూటర్లో లినక్స్ ఎక్కించాం. అది మా ఇంటిదాని డిజైన్లన్నీ మింగేసింది." రైతు అయ్యో పాపం అంటాడు. లినక్స్ అంటే కొత్త రకం పురుగు అనుకుని, దానికి ఏ మందు కొట్టాలని అడిగినవాడు కూడా ఒకడున్నాడు. మా మరిది చెప్పే కథ వేరు. అతను ఇంజనీరింగ్ కాలేజీలో కంప్యూటర్ పాఠాలు చెబుతాడు కాబట్టి నేరం యంత్రం మీద పెట్టడు, నా మీద పెడతాడు. "వదిన బ్యాకప్ తీసుకోలేదు" అంటాడు. ఈ రెండు కథలనూ పక్కపక్కన పెట్టి చూస్తే ఒకే ఒక్క పోలిక కనిపిస్తుంది. రెండింటిలోనూ అన్నదమ్ములు లేరు.

అసలు జరిగింది నేను చెబుతాను. నా కథలో అన్నదమ్ములిద్దరూ ఉన్నారు, నేనూ ఉన్నాను, ఐదు ఆపరేటింగ్ సిస్టములూ ఉన్నాయి. ఆ ఐదింటిలో ఒక్కదాని తప్పు కూడా లేదు. ఇది నేను ఎవరినో వెనకేసుకు రావడానికి అనడం లేదు. వాటిలో ఏదీ నాకు చుట్టం కాదు.

పర్చూరులో మా ఆయనకు విత్తనాలు, పురుగుమందుల కొట్టు ఉంది. కొట్టు వెనక గది నాది. అందులో నా కంప్యూటర్ ఎంబ్రాయిడరీ మిషను ఉంటుంది. జాకెట్టు చేతుల మీద, వీపు మీద వేసే పువ్వును ముందు కంప్యూటరులో గీయాలి. ఏ కుట్టు ఎక్కడ మొదలై ఎక్కడ ఆగాలో, ఏ రంగు ముందో ఏది వెనకో అందులోనే చెప్పాలి. దాన్ని పెన్‌డ్రైవ్‌లో వేసి పెడితే మిషను కుట్టుకుపోతుంది. నెమళ్ళు, చిలకలు, మామిడి పిందెలు ఏ ఊళ్ళోనైనా దొరుకుతాయి. నేను బోటనీ చదువుకున్నదాన్ని. మా చుట్టుపక్కల చేలల్లో ఉన్నవే గీస్తాను. పత్తి పువ్వు విచ్చిన రోజు లేత పసుపు, మర్నాటికి గులాబీ. ఆ రెండు రంగులూ ఒకే రేకులో కలిసేలా గీయడానికి నాకు ఒక వేసవి పట్టింది. అలాంటివి ఏళ్ళ తరబడి పోగేసుకున్నవన్నీ ఆ ఒక్క కంప్యూటరులో ఉండేవి. అవి పోతే నేను మళ్ళీ మా ఆయన పక్కన కౌంటరులో నిలబడి పురుగుమందు డబ్బాలు అందించాల్సిందే. ఆ ఉద్యోగం చేసి చూశాను. అందులో నాకు దొరికిన గుర్తింపల్లా తలనొప్పి ఒక్కటే.

లినక్స్ రాకముందు మా కంప్యూటరులో ఉన్నది అందరి ఇళ్ళలో ఉన్నదే. అందరిలాగే మేమూ దాని దొంగ కాపీ వాడేవాళ్ళం. కొట్లో జిరాక్సులు, ప్రింట్లు కూడా తీస్తాం కాబట్టి వాటికోసం వచ్చేవాళ్ళు తెచ్చే పెన్‌డ్రైవులన్నీ అందులోకి దూరేవి, వాటితోపాటు లోకంలోని వైరస్‌లన్నీ దూరేవి. ఒకరోజు అది పూర్తిగా మొరాయించింది. మా మరిది వచ్చి చూసి, జన్మలో మొదటిసారి తన మాట వినే జనం దొరికినట్టు మొహం పెట్టాడు.

"లినక్స్ వేద్దాం అన్నయ్యా. ఊరికే వస్తుంది. వైరస్ గొడవ దాదాపు ఉండదు."

"ఊరికే ఎవడిస్తాడురా?" అన్నారు మా ఆయన.

"ప్రపంచంలో ఎవరెవరో కలిసి రాస్తారు. అందరికీ ఇస్తారు. దానికి ఓనరంటూ ఉండడు."

"బిల్లేది?"

"బిల్లుండదు."

"లాట్ నంబరు?"

"అన్నయ్యా, ఇది విత్తనాల బస్తా కాదు."

"అదేరా నేనంటోంది. విత్తనాల బస్తా అయితే బిల్లుంటుంది. మొలక రాకపోతే రైతు ఆ బిల్లు పట్టుకుని నా మీదకొస్తాడు, నేను కంపెనీ మీదకెళ్తాను. ఇది మొలవకపోతే నేనెవడి మీదకెళ్ళాలి?"

"మొలవకపోతే మనమే బాగుచేసుకోవచ్చు. లోపల ఏముందో మొత్తం తెరిచి చూపిస్తారు."

"కొట్టు మూసేసి అది తెరిచి చూసుకుంటా కూర్చోమంటావా?"

నిజం చెప్పాలంటే ఇలా లోపలంతా తెరిచి ఊరికే పంచే ఓపెన్ సోర్సు మీద మా ఆయన వేసినంత మంచి ప్రశ్న నేను ఇంకెక్కడా వినలేదు. మా మరిది ఇచ్చినంత చెత్త జవాబు కూడా వినలేదు. అతను భుజాలు ఎగరేసి పెన్‌డ్రైవ్ పెట్టేశాడు.

విత్తన కంపెనీలవాళ్ళు రోడ్డు పక్క చేలో నాలుగు రకాలు వేసి, బోర్డు పాతి, డెమో ప్లాటు అంటారు. మా కంప్యూటర్ కొన్ని వారాలపాటు అలాంటి ప్లాటు అయింది. లినక్స్‌లో కూడా విత్తనాల్లోలాగే బోలెడు రకాలున్నాయట, మొదట ఉబుంటు అనే రకం వచ్చింది. తెరంతా వంకాయ రంగు. అది మా ఒంగోలు బస్సు లాంటిది. ఎవరైనా ఎక్కొచ్చు, ఎక్కడ చెయ్యెత్తినా ఆగుతుంది, ఎక్కినవాళ్ళకు కాస్త చోటు కూడా దొరుకుతుంది. అందుకే లినక్స్ పండితులకు అదంటే చిన్నచూపు. అందరూ ఎక్కే బండి ఎక్కితే పాండిత్యం ఎలా తెలుస్తుంది? మా ఆయన అభ్యంతరం మాత్రం సిద్ధాంతపరమైనది. "ఈ వంకాయ రంగేంటి? నొక్కే గుండీ కింద ఉండాల్సింది, ఈ పక్కనెందుకుంది?" అన్నారు. ఉబుంటు దిగిపోయింది.

తర్వాత ఫెడోరా. ప్రతి ఊళ్ళోనూ ఒక ఆదర్శ రైతు ఉంటాడు. ఏ కొత్త రకం వచ్చినా ముందు తన చేలో వేస్తాడు, పక్కన నిలబడి ఫొటో దిగుతాడు. పంట ఎలా వచ్చిందో చెప్పేలోపు ఇంకో కొత్త రకం వేసేసి ఉంటాడు. ఫెడోరా ఆ మనిషి. మెనూ ఎక్కడుందో నేను నేర్చుకునేలోపే మా మరిది "వదినా, కొత్త వెర్షన్ వచ్చింది" అన్నాడు. నాకు మిషను మీద జాకెట్టు ఉంది, పక్కన నిలబడి ఫొటో దిగే తీరిక లేదు.

డెబియన్ నాకు నచ్చింది. ఒప్పుకోవడానికి మొహమాటం ఎందుకు? అది అచ్చం మా పెదమామగారే. కొత్తది ఏది వచ్చినా వాకిట్లో నిలబెట్టి, నాలుగు ఊళ్ళలో విచారించి, వాళ్ళ తాతల సంగతి కనుక్కుని గానీ లోపలికి రానివ్వరు. లోపలికి వచ్చిందంటే మాత్రం ఇంకెప్పుడూ పేచీ పెట్టదు. నా డిజైన్లు గీసే సాఫ్ట్‌వేరు దాంట్లో పాతదే దొరికింది గానీ, పాతదైనా రోజంతా నోరెత్తకుండా పనిచేసింది. మా ఇంట్లో ఆ గుణం ఇంకెవరికీ లేదు. మా మరిది దాన్ని "ముసలి సరుకు" అని తీసేశాడు.

మా ఆయన ఒప్పుకున్నది మింట్‌ను. పాత అద్దెవాడి సామాను ఎక్కడెక్కడ ఉండేదో సరిగ్గా అక్కడక్కడే తన సామాను సర్దుకున్న కొత్త అద్దెవాడు అది. గుండీ కిందే ఉంది, ఎడమ పక్కే ఉంది. "ఇదే కదరా పాతది! ఇన్నాళ్ళూ ఇది పెట్టకుండా ఆ వంకాయ తోటలెందుకు చూపించావ్?" అన్నారు. అది పాతది కాదని మా మరిది చెప్పబోతుంటే నేనే సైగ చేసి ఆపాను. కాపురాల్లో కొన్ని నిజాలు అవసరం లేదు.

అక్కడితో ఆగితే బాగుండేది. కానీ మా మరిది తన మతాన్ని ఇంకా బయటపెట్టలేదు. అతను వాడేది ఆర్చ్. ఆ సంగతి ఎవరూ అడగక ముందే చెబుతాడు. ఒక ఇంటికి పరామర్శకు వెళ్ళినప్పుడు, పోయినాయన కొడుకుతో రెండు మాటలు ఓదార్పుగా అన్నాక, మూడో మాట ఆర్చ్ గురించే. మిగతావాళ్ళు వండిన అన్నం తింటారు. కాస్త పట్టుదల ఉన్నవాళ్ళు బియ్యం కొనుక్కుని వండుకుంటారు. ఆర్చ్ వాడేవాడు పచ్చడి తినాలనిపిస్తే ముందు రోలు చెక్కడం మొదలుపెడతాడు. మా మరిది నా మిషను పక్కన కూర్చుని రోజంతా రోలు చెక్కి, చివరికి నల్ల తెర మీద తెల్ల అక్షరాలు తెప్పించి, "ఇప్పుడు చూడు వదినా, ఎంత హాయిగా ఉందో" అన్నాడు. మా కొట్లో పురుగుమందు డబ్బా మీద విషమని రాసి ఉన్న కాగితం దానికన్నా కంటికి ఇంపుగా ఉంటుంది.

మింట్ తీసేస్తే ఊరుకోనని మా ఆయన, ఆర్చ్ లేకపోతే ఇంక కంప్యూటర్ ముట్టనని మా మరిది. మా ప్రాంతంలో అన్నదమ్ముల మధ్య ఇలాంటి పరిస్థితి వస్తే ఏం చేస్తారో అదే చేశారు. పంచుకున్నారు.

ఎక్కించేటప్పుడు తెర మీద హార్డ్‌డిస్కును అడ్డంగా ఒక పొడవాటి గీతలా చూపిస్తారు. దాన్ని ఎవరికెంత అని ముక్కలు చేసుకోవచ్చు. మిగతా ప్రపంచం దాన్ని ఏమనుకుంటుందో తెలియదు గానీ, మా వాళ్ళకు అది పొలంలా కనిపించింది.

"పెద్దవాడికి పడమర రావాలిరా. దీంట్లో పడమర ఎటు?" అన్నారు మా ఆయన.

కంప్యూటర్ పాఠాలు చెప్పే మనిషి, ఎంటెక్ చదివినవాడు, ఒక్క క్షణం కూడా తడుముకోలేదు. "మనం ఉత్తరానికి తిరిగి కూర్చున్నాం కాబట్టి ఎడమ పక్క పడమర అన్నయ్యా. అది నీకు. తూర్పు నాకు."

"ఆ డిస్కు లోపల గిర్రున తిరుగుతుందయ్యా" అన్నాను మిషను దగ్గర్నుంచి. "తిరిగేదానికి పడమరేంటి?"

"అన్నదమ్ములు మాట్లాడుకుంటుంటే నువ్వెందుకే మధ్యలో?" అన్నారు మా ఆయన.

పడమర మింట్, తూర్పు ఆర్చ్. మరి నా వాటా? అత్తింటి ఆస్తిలో కోడలికి వేరే వాటా అనే ఆలోచన ఇంకా ఏ కంప్యూటరులోకీ రాలేదనుకుంటాను. నేను మా ఆయన మింట్‌లోనే కూర్చుని గీసుకోవాలి. గీసినవి దాచుకోవడానికి ఇద్దరి మధ్య కొంత చోటు వదిలారు. "నీవి అందరికీ పనికొచ్చేవి కదా వదినా, ఉమ్మడిలో పెడదాం" అన్నాడు మా మరిది.

"నా పువ్వులు మీ అన్నయ్యకు దేనికి పనికొస్తాయి? జాకెట్టు కుట్టించుకుంటారా?"

ఇద్దరూ నవ్వారు. వాళ్ళు దాన్ని ఉమ్మడి అన్నారు. నేను చూడగానే డొంక అనుకున్నాను. మా వైపు పొలాల మధ్య బండ్ల దారిని డొంక అంటాం. అది ఏ ఒక్కరిదీ కాదు, అందరూ నడుస్తారు. దానికి ఆనుకుని చేను ఉన్న ప్రతివాడూ ఏటా దుక్కిలో ఒక్క సాలు అటు జరుగుతాడు. ఎవడూ ఆక్రమించడు, పాపం, ట్రాక్టరే కాస్త అటు తిరుగుతుంది. ఒకప్పుడు రెండెడ్ల బండ్లు ఎదురైతే తప్పుకునే డొంకల్లో ఇప్పుడు మోటారు సైకిలు దిగి నడిపించుకోవాలి. అలాంటి చోట నా పత్తి పువ్వును పెట్టారు. పైగా మా మరిది భరోసా ఇచ్చాడు. "భయం లేదు వదినా, నీ డిజైన్లు రెండు కాపీలు తీసి పెట్టాను." రెండో కాపీ ఎక్కడ పెట్టాడో తర్వాత తెలిసింది. అదే డొంకలో, మొదటిదాని పక్కనే.

కొన్నాళ్ళు బాగానే జరిగింది. తర్వాత మా మరిది తన వాటా చాలడం లేదన్నాడు. కొత్త కొత్త సిస్టములు దించుకుని చూసుకోవడం అతని వ్యసనం. తన వైపున్న ఉమ్మడిలోంచి కాస్త తన వాటాలో కలుపుకున్నాడు. నా వాటికేమీ కాలేదు. అది మా ఆయన కంటపడింది. ఆయన వాటాలో రైతులు పంపిన తెగుళ్ళ ఫొటోలు, ముడతాకుల వీడియోలు నిండిపోయి ఉన్నాయి. "నువ్వు జరిగినంత నాకూ జరపరా" అన్నారు. ఇది న్యాయం. మా ప్రాంతంలో న్యాయమంటే ఇదే.

అటు నుంచి జరపడం తేలిక, ఇటు నుంచి జరపడం కష్టమట. పడమర వైపు కలపాలంటే నా డిజైన్లున్న భాగాన్నే మొత్తంగా పక్కకు తరలించాలి. నిండు గోడౌనులో బస్తాలన్నీ ఒక్కొక్కటిగా పక్క గదిలోకి మార్చడం లాంటిది. గంటల పని. మధ్యలో ఆపితే సగం బస్తాలు అక్కడ, సగం ఇక్కడ, ఏ బస్తాలో ఏముందో ఎవరికీ తెలియదు. ఇదంతా తెలిసిన మా మరిది ఒక సాయంత్రం ఆ పని మొదలుపెట్టి ఇంటికి వెళ్ళిపోయాడు. ఇదేమీ తెలియని మా ఆయన రోజూలాగే కొట్టు కట్టేశారు. మందుల కొట్లవాళ్ళకు ఒక అలవాటు ఉంటుంది. లోపలున్న సరుకు అలాంటిది కాబట్టి షట్టర్ దించే ముందు మెయిన్ స్విచ్ ఆపేస్తారు. ఆపేశారు.

మర్నాడు పొద్దున నేను కంప్యూటర్ పెట్టాను. పడమర ఉంది, తూర్పు ఉంది, డొంక లేదు.

అప్పుడు నా మిషను మీద ఉన్నది ఒక పత్తి రైతు ఇంటి పెళ్ళి. పిల్ల తమ చేలో పువ్వే కావాలంది. పెళ్ళికూతురి జాకెట్టు అయిపోయింది, పెన్‌డ్రైవ్‌లో ఆ పువ్వు తుడిచి వేరేవాళ్ళది వేసేశాను. అదే పువ్వుతో తల్లికి, మేనత్తలకు కుట్టాల్సినవి మిగిలాయి. ముహూర్తం ముంచుకొస్తోంది.

"నేను చెప్పాను అన్నయ్యా, ఆపొద్దని."

"ఏం చెప్పావురా? 'అయిపోతుందిలే' అన్నావ్. అయిపోతుందిలే అంటే అయిపోయినట్టా కాదా?"

"తెర మీద కనపడుతూనే ఉందిగా, ఎంతవరకు వచ్చిందో!"

"నేను షట్టర్ వేస్తానా, తెర చూస్తానా?"

పెద్ద గొడవ అవుతుందనుకున్నాను. నిజానికి కావాలనే కోరుకున్నాను. కానీ కాసేపటికి ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఒకరిది తప్పంటే రెండోవాడిదీ బయటికొస్తుంది. "అయినా ఈ లినక్సే అంత" అన్నారు మా ఆయన. మా మరిది, ఆర్చ్ కోసం అన్నతో ఎన్ని వాదనలు పెట్టుకున్నాడో ఆ మా మరిది, తల ఊపాడు. ఊపి నా వైపు తిరిగి, "బ్యాకప్ తీసుకోవద్దా వదినా?" అన్నాడు.

"డొంక దున్నేసినవాడివి, నీకు వేరే దారి లేదా అని నన్నడుగుతావా?" అన్నాను. ఇంకా చాలా అన్నాను. అవి రాస్తే ఎవరూ అచ్చు వేయరు.

పాపం, ప్రాయశ్చిత్తంగా అతను ఒక ఆదివారమంతా కూర్చుని ఏదో వెలికితీశాడు. పేర్లు పోయి అంకెలు మిగిలిన ఫైళ్ళు వచ్చాయి. అందులో పత్తి పువ్వులా కనిపించినదాన్ని మిషనుకు పెట్టాను. కాసేపు బాగానే కుట్టి, ఉన్నట్టుండి ఒకేచోట దిగబడి దారమంతా ఉండ కట్టింది. జాకెట్లు కత్తిరించి కుట్టేది మసీదు వీధిలో ఉండే ఆవిడ. నాకన్నా చిన్నది, అక్కా అని పిలుస్తుంది. గౌరవం ఆ పిలుపుతో సరి. గుడ్డ చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పి చూసింది.

"ఏందక్కా ఇది? పత్తి పువ్వా, గులాబీ పురుగు తినేసిన కాయా?"

"నీకు నవ్వుగా ఉందా?"

"నవ్వక ఏడవనా? పెళ్ళోళ్ళు రేపు గుడ్డలు తీసుకొస్తారు. ఆ వినుకొండావిడకి ఫోన్ చెయ్యరాదూ?"

ఆ పేరు నా ముందు ఎత్తడానికి ధైర్యం కావాలి. వినుకొండలో ఇదే పని చేసే ఆవిడ ఒకతె ఉంది. అంతకు ముందు సంవత్సరం ఎవరో ఆ ఊరి జాకెట్టు వేసుకుని మా కొట్టుకు వస్తే దాని చేతుల మీద నా పత్తి పువ్వు ఉంది. మిషన్లు బాగుచేసే మెకానిక్ ఊరూరా తిరుగుతాడు. వాడి జేబులో పెన్‌డ్రైవ్ కూడా తిరుగుతుంది. మిషను పరీక్షించడానికని నా డిజైను ఎక్కించుకున్నాడు, అక్కడికి వెళ్ళి దించాడు. నేను ఆవిడకు ఫోన్ చేసి దొంగ అన్నాను. ఆవిడ తన దగ్గర నావేవీ లేవని పిల్లల మీద ఒట్టేసింది.

రెండు రోజులు బిగదీసుకుని, మూడో రోజు చేశాను.

"ఏంటండీ, మళ్ళీ తిట్టటానికా? ఉండండి, స్పీకరు పెడతా. మా ఆయన కూడా ఇంటాడు, పోయినసారి సరిగ్గా ఇన్లేదంట."

"తిట్టడానికి కాదు. నా డిజైన్లు పోయాయి."

ఆవిడ పకపకా నవ్వింది. "అయ్యో. మరి నా దగ్గర లేవని అప్పుడు ఒట్టేశానే. ఇప్పుడు ఉన్నాయని ఎట్టా చెప్పను?"

"ఉన్నాయా లేవా?"

"లేవు. ఎన్ని కావాలి?"

బస్సెక్కి వెళ్ళాను. ఆవిడ గదిలో రెండు మిషన్లు ఉన్నాయి, రెండూ నాదానికన్నా పెద్దవే. మా ఇంటి అలవాటు పోనిచ్చుకోలేక, కంప్యూటర్ వైపు చూసి, "ఇది ఏ సిస్టమ్?" అన్నాను.

"కంప్యూటరు" అంది ఆవిడ, నేను ఎండదెబ్బ తిన్నానేమోనన్నట్టు చూస్తూ.

ఆ కంప్యూటరులో నా డిజైన్లన్నీ ఒక ఫోల్డరులో ఉన్నాయి. దానికి 'పర్చూరు పంతులమ్మ' అని పేరు పెట్టింది. నేను పంతులమ్మను కాదన్నాను. "మీరు తిట్టింది వింటే అట్టనే అనిపించింది" అంది. నాకు నేనే మర్చిపోయినవి కూడా ఉన్నాయి అందులో. పత్తి పువ్వు తెరిచాను. రెండు రంగులూ అలాగే కలిసి ఉన్నాయి. కానీ రేకులు ఆరు.

"పత్తి పువ్వుకు ఐదు రేకులే ఉంటాయి" అన్నాను.

"తెలుసు. ఐదైతే అంచులో జత కుదరట్లేదు. ఆరు చేశా. నీది కుడుతుంటే నడిమధ్యలో దారం తెగేది, అదీ సరిచేశా."

'మీరు' ఎప్పుడు 'నువ్వు' అయిందో గమనించాను. "నా పువ్వును మార్చమని నిన్నెవరు అడిగారు?"

"ఇమ్మని నిన్ను మాత్రం నేనడిగానా? అడక్కుండా తీసుకున్నా, అడక్కుండానే బాగుచేశా. కావాలా వద్దా?"

పెన్‌డ్రైవ్ ముందుకు తోసింది. ప్రతిగా ఏం కావాలంటే ఏమీ వద్దంది. నేను దొంగ అన్న మాట వెనక్కి తీసుకోమని కూడా అడగలేదు. అడిగి ఉంటే బాగుండేది, వాదించడానికి ఏదో ఒకటి దొరికేది.

పెళ్ళి జాకెట్లు ఆరు రేకుల పువ్వుతోనే కుట్టాను. నా ఐదు రేకులకు తిరిగి మార్చే వ్యవధి లేదు. తీసుకోవడానికి వచ్చిన పెద్ద మేనత్త అన్నీ వరసగా పరిచి చూసి, "ఇదేంటమ్మా, మాకు నిండుగా ఉన్నాయి, పెళ్ళికూతురికి ఒక రేకు తగ్గించావేం?" అంది. పత్తి పువ్వుకు ఉండేవి ఐదేనని, పెళ్ళికూతురిదే అసలైనదని చెప్పాను. "మా చేలో పువ్వు సంగతి నువ్వు మాకు చెబుతావా? అది కూడా మార్చి కుట్టు" అంది. బోటనీ పట్టా గోడ మీదే ఉంది. మార్చి కుట్టాను. దారం ఒక్కసారి కూడా తెగలేదు. ఈ సంగతి నేను వినుకొండకు చెప్పలేదు, చెప్పను.

ఆ తర్వాత నా పనికి వేరే పాత కంప్యూటర్ తెచ్చుకున్నాను. మొత్తం డిస్కు నాది. పడమర నాది, తూర్పు నాది. అందులో పెదమామగారిని, అంటే డెబియన్‌ను, కూర్చోబెట్టాను. కాపీలు వేరే డ్రైవులో, మా ఇంటి బీరువాలో ఉన్నాయి. తాళం అన్నదమ్ములిద్దరిలో ఎవరికీ ఇవ్వలేదు.

మా మరిది మాత్రం ఈ వినుకొండ వ్యవహారం విని పొంగిపోయాడు. "వదినా, ఓపెన్ సోర్సంటే ఇదే! ఆవిడ నీ డిజైన్ ఫోర్క్ చేసింది. తీసుకుంది, బాగుచేసింది, తిరిగి ఇచ్చింది."

"నీ లినక్స్ రాసినవాళ్ళు ఇస్తున్నామని చెప్పి ఇచ్చారు. నేనెప్పుడిచ్చాను?"

"అడిగితే ఇచ్చేదానివా?"

"ఇచ్చేదాన్ని కాదు."

"మరి ఇవ్వకుండా దాచుకుని ఉంటే ఇప్పుడు నీ పువ్వు ఎక్కడుండేది?"

ప్రశ్న బాగుంది. అడిగినవాడికే ఆ ప్రశ్న అడిగే మొహం లేదు. ఆ మాటే అన్నాను. కానీ అది అతనికి జవాబే గాని ప్రశ్నకు జవాబు కాదని నాకూ తెలుసు.

ఎందుకంటే వినుకొండ పెన్‌డ్రైవులో నావే కాదు, నావి కానివి కూడా వచ్చాయి. వాటిలో ఒకటి చింతచిగురు అంచు. ఎవరు గీశారోగాని చిగురును చేతిలో పెట్టుకుని చూసి గీశారు. చిట్టి ఆకులు జతలు జతలుగా, కొసన ఇంకా విచ్చుకోనివి ముడుచుకుని, ఎరుపు తిరిగిన లేతాకుపచ్చ. నెమళ్ళు గీసేవాళ్ళ పని కాదు. నాలాంటిదే ఎవరో. వినుకొండావిడను అడిగితే మెకానిక్ ఇచ్చాడంది. మెకానిక్‌ను అడిగితే దాచేపల్లి అన్నాడు, కాసేపాగి పిడుగురాళ్ళ అన్నాడు, తర్వాత గుర్తులేదన్నాడు. మా కొట్టుకు వచ్చినవాళ్ళు తెర మీద దాన్ని చూసి అదే కావాలంటున్నారు. ఒకావిడ గుడ్డ కూడా ఇచ్చి వెళ్ళింది. ఆ గుడ్డ మిషను పక్కనే మడిచి ఉంది.

ఆ అంచు గీసినావిడ ఏ ఊళ్ళో ఉన్నారో నాకు తెలియదు. తెలిస్తే ఫోన్ చేసి అడుగుతాను. ఆవిడ దొంగ అంటే పడతాను కూడా, ఆ మాట ఎలా అనాలో నాకు తెలుసు కదా. కానీ ఎంత వెతికినా దొరకకపోతే, ఆ గుడ్డ మీద చింతచిగురు కుట్టనా, మాననా?